లెక్క తేలేది మే నెలలో

ఈ మధ్య నగరంలో జరిగిన ఒక అధ్యాపకుల సమావేశంలో, విద్యార్థుల చేత పర్యావరణ సేవ చేయించడం గురించి మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన, "పిల్లలను నాలుగు గోడల మధ్య నుంచి బయటికి తీసుకువెళ్లండి చాలు, మిగిలిన పాఠం ప్రకృతే చెబుతుంది" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చే దారిలో, తార్నాక సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆలోచిస్తే ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే పదకొండేళ్లుగా నేను పిల్లలను బయటికి తీసుకువెళుతూనే ఉన్నాను; అందులో మొదటి ఏడేళ్లు ప్రకృతి వాళ్లకు ఏ పాఠమూ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా, అది చెప్పే వేళకు మేమెవరమూ అక్కడ లేము.

గుంతలో దొరికింది

నాలుగేళ్ల కిందట, జూలైలో ఒక ఆదివారం పొద్దున. శామీర్‌పేట వైపు, రాళ్ల గుట్ట వాలులో మా కళాశాలకు ఎప్పుడో దఖలుపడిన రెండెకరాల నేలలో జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు యాభై మంది మొక్కలు నాటుతున్నారు. గుంతలు తవ్వవలసిన పని లేకపోయింది. అంతకు ముందటి సంవత్సరం తవ్వినవే సగం పూడి అలాగే ఉన్నాయి కాబట్టి, పైమట్టి తీసి, కొత్త మొక్క పెట్టి, మట్టి కప్పి, ఫొటో దిగడమే మిగిలింది. బి.ఎస్సీ. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె తన వంతుకు వచ్చిన గుంతలో చెయ్యి పెట్టి లాగితే, నల్లని పాలిథిన్ సంచితో సహా ఎండిపోయిన పుల్ల ఒకటి పైకి వచ్చింది. నాటిన వాళ్లు సంచి చింపలేదు. లోపల వేళ్లు బయటికి దారి దొరకక సంచి గోడ వెంటే గుండ్రంగా తిరిగి తిరిగి, కొబ్బరి పీచు ఉండలా బిగుసుకుపోయి ఉన్నాయి. పుల్లకు దారంతో కట్టిన అట్టముక్క మీద నాటినవారి పేరు వానకు చెరిగిపోయింది గాని, మా యూనిట్ నంబరు మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

"మేడమ్, ఇది పోయినేడు మనోళ్లు పెట్టిందే గదా," అంది ఆ అమ్మాయి. "సచ్చిపోయిందని మనకెవ్వరూ జెప్పలేదేంది?"

చెప్పవలసిన మనిషిని నేనే. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని నేను, ఆ యూనిట్‌కు ప్రోగ్రాం ఆఫీసర్నీ నేను, 400 మొక్కలు నాటామని అంతకు ముందటి జూలైలో నివేదిక రాసి పంపినదీ నేనే. ఆ ఫారంలో నాటిన తేదీకి, మొక్కల సంఖ్యకు, పాల్గొన్న విద్యార్థుల సంఖ్యకు, ముఖ్య అతిథి పేరుకు గడులు ఉన్నాయి. బతికినవాటికి గడి లేదు. లేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టను కూడా లేదు.

ఆ రోజు కొత్త మొక్కలను నీడన పెట్టించి, పిల్లలను జట్లుగా చేసి పాతవాటిని లెక్కపెట్టించాను. 400లో 37 దొరికాయి. మిగిలినవి ఎందుకు పోయాయో గుంత గుంతకూ తవ్వి చూశాం. కొన్ని సంచిలోనే ఉన్నాయి. కొన్ని గుంతల్లో జానెడు మొరం కింద పలకరాయి తగిలింది. కొన్నింటిని వాన నీరు పారే దోవలోనే పెట్టాం, అవి ఎక్కడికి కొట్టుకుపోయాయో తెలియదు. కొన్నింటిని మేకలు తిన్నాయి. అన్నింటికన్నా ఎక్కువ పోయింది మాత్రం ఎండాకాలంలోనే. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. జూలైలో నాటిన మొక్కకు వేరు లోతుకు దించుకోవడానికి ఉండేది రెండున్నర, మూడు నెలలు, ఆ తరువాత ఎనిమిది నెలలు అది తన వేరు మీదే బతకాలి. ఈ సంగతి నేను తరగతిలో ఏటా చెబుతాను, పిల్లలు పరీక్షలో ఏటా రాస్తారు. చెప్పిన నేను గాని, రాసిన వాళ్లు గాని ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ గుట్ట ఎక్కలేదు.

ఆనాటి నుంచి నా అభిప్రాయం ఒకటే. యువతకు పర్యావరణ పునరుద్ధరణ నేర్పే సేవ అని దేన్నైనా పిలవాలంటే, నాటిన పిల్లలే మరుసటి మే నెలలో అదే నేలకు తిరిగి వెళ్లి, పోయినవాటిని లెక్కపెట్టి, ఎందుకు పోయాయో తమ చేతులతో తవ్వి చూసే ఏర్పాటు అందులో ఉండి తీరాలి. అది లేని కార్యక్రమానికి వనమహోత్సవమని పేరు పెట్టుకోవచ్చు, చదువు అనడానికి మాత్రం నాకు నోరు రాదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని గ్రామ పంచాయతీకి బాధ్యత పెట్టింది, ఆ బాధ్యత తప్పితే సర్పంచి పదవికే ఎసరు వస్తుంది. ఒక ఊరి సర్పంచికి ఉన్న జవాబుదారీలో పదో వంతు కూడా డిగ్రీ కళాశాలకు, అందులోనూ వృక్షశాస్త్ర విభాగానికి లేకపోవడం ఏమి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విత్తన బంతులు విసిరి వచ్చే కార్యక్రమాల గురించి ఇక్కడ రాయను. తిరిగి వెళ్లి చూద్దామన్నా ఎక్కడ పడ్డాయో తెలియని పని అది.

బతికినవన్నీ మంచివేనా

నా అభిప్రాయానికి మొదటి దెబ్బ ఆ 37 మొక్కల్లోనే తగిలింది. వాటిలో అందరికన్నా ఏపుగా, మనిషి ఎత్తున నిగనిగలాడుతున్నవి గేటు పక్కన, కుళాయి దగ్గర నాటిన కోనోకార్పస్ మొక్కలు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటే పథకం హరితహారం మొదలుపెట్టిన తరువాత రోడ్ల పక్కన, డివైడర్ల మీద గబగబా పచ్చదనం కనిపించాలని విస్తారంగా పెంచిన చెట్టు అది. దాని పుప్పొడి మీద, పైపుల్లోకి దూరే వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చి, 2022లో దాన్ని ఇక పెంచవద్దని ప్రభుత్వమే నర్సరీలకు చెప్పింది. అంటే మా పిల్లలు చెమటోడ్చి నాటినవాటిలో నిలదొక్కుకున్నది నాటకూడనిది. బతికినవాటి లెక్క ఒక్కటే చూసి ఉంటే మేము అవే ఇంకో వంద తెచ్చి పెట్టేవాళ్లం. కొట్టేద్దామని నేను అన్నప్పుడు పిల్లలు రెండు పక్షాలయ్యారు. "బతికినవే అవి, వాటిని గూడ మనమే సంపుతమా మేడమ్?" అని అడిగినవాళ్లకు నా దగ్గర శాస్త్రం ఉంది గాని, వాళ్ల ముఖాలు చూస్తూ అది చెప్పడం కష్టమైంది. పక్కన నాటిన కానుగలు ఎదిగేదాకా ఉంచుదామని రాజీపడ్డాం. రెండు ఇప్పటికీ ఉన్నాయి.

ఇదేమీ కొత్త కథ కాదు. అమెరికాలో 1933లో, మహా ఆర్థికమాంద్యం నడుమ, నిరుద్యోగ యువకుల కోసం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పౌర పరిరక్షణ దళం ఒకటి ఏర్పాటు చేశాడు. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పోతాయి. తిండి, బస శిబిరంలోనే. 1942లో మూతపడేనాటికి దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేసి, దాదాపు 300 కోట్ల చెట్లు నాటారు. యువత చేత ప్రకృతి సేవ చేయించడం గురించి ఉపన్యసించేవాళ్లు ఈ అంకెలు తప్పకుండా చెబుతారు, నేనూ చెప్పేదాన్ని. అదే కాలంలో నేలకోత ఆపడానికని జపాన్ నుంచి వచ్చిన కుడ్జూ తీగను ఆ ప్రభుత్వమే ప్రోత్సహించి పంచిపెట్టిందని, దక్షిణాది రాష్ట్రాల్లో ఆ దళం యువకుల చేత కూడా నాటించిందని, ఆ తీగే తరువాత చెట్లను, పాడుబడిన ఇళ్లను కప్పేసి పెద్ద బెడదగా మారిందని మాత్రం వేదిక మీద ఎవరూ అనరు. మనకు అంత దూరం పోవలసిన పని కూడా లేదు. 1870ల చివరలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో, వంటచెరకు కరువు తీరుతుందని తెచ్చి పెట్టిన విదేశీ తుమ్మ ఈనాడు చెరువు శిఖాల్లో, బీళ్లలో ఎక్కడ చూసినా ఉంది. దాన్ని సర్కారు తుమ్మ అని పిలుస్తాం కాబట్టి, తెచ్చినవాళ్లెవరో ఏ చరిత్రకారుడూ చెప్పనక్కరలేదు. అయితే దాని బొగ్గు మీద బతుకుతున్న పేదలు ఉన్నారు గనుక, రాత్రికి రాత్రి దాన్ని పీకేయాలనే వాళ్లతోనూ నేను ఏకీభవించలేను.

చేతులు మట్టిలో పెట్టినంత మాత్రాన తెలివి రాదనడానికి మా గుట్ట మీదే ఇంకో రుజువు దొరికింది. వాలు పైభాగమంతా లాంటానా. 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు పూలమొక్కగా వచ్చి దేశమంతా అల్లుకున్న పొద అది. ఒక శనివారం పిల్లలు కొడవళ్లు తెచ్చి, ముళ్లకు చేతులు గీరుకుపోతున్నా ఆపకుండా, అరెకరం నున్నగా కొట్టేశారు. సాయంత్రం ఫొటోల్లో ఆ నేల ఎంత శుభ్రంగా కనిపించిందో చెప్పలేను. సెప్టెంబరుకు ప్రతి మోటు నుంచి పది కొమ్మలు లేచి నడుము ఎత్తుకు వచ్చాయి.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉంది. లాంటానా చిగురించేది కాండమూ వేరూ కలిసే ముడి దగ్గర. అది నేలకు రెండు మూడు వేళ్ల లోతున ఉంటుంది. ఆ ముడికి దిగువన వేరును నరికి, పొదను మొత్తంగా పైకి ఎత్తి, వేరు ఆకాశానికి చూసేలా తలకిందులుగా పడేయాలి. ఈ పని చేసేవాడు నిలబడి చేయలేడు. మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చేత్తో కొమ్మలు ఒత్తి పట్టి, వేళ్లతో మట్టి గీకి, కాండం రంగు మారే చోటు వెతికి, గడ్డపార మొన అక్కడే దించాలి. ఒక్కొక్క పొదకు ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మొదటి నెలలో మా జట్టు మొత్తం చేసింది ఒక గుంట నేల కూడా ఉండదు. ఫొటోకు కూడా అంత అందంగా రాలేదు. కాని ఆ ముడి ఎక్కడుందో వేళ్లతో తడిమి చూసిన పిల్లవాడికి మొక్క ఎక్కడి నుంచి చిగురిస్తుందన్న ప్రశ్న ఇక పుస్తకంలోది కాదు. ఆ లాంటానా పండ్లు తిని విత్తనాలు జల్లే పిగిలిపిట్టలకు దాగడానికి కూడా అదే పొద కావాలి కాబట్టి, అంతా ఒక్కసారే తీయవద్దని, పట్టీలుగా తీద్దామని తరువాత తీర్మానించుకున్నాం. ఈ మాట ముందు అన్నది పిల్లలే.

ఎవరి శ్రమ, ఎవరి చదువు

ఇంతవరకు రాసినది చదివి, ఇదంతా నిర్వహణలో లోపమే గాని సూత్రంలో లోపం కాదని అనుకునే వాళ్లు ఉంటారు. సూత్రం గురించి నాకున్న సందేహం వేరు, అది ఇప్పటికీ తీరలేదు.

వాన నీరు ఇంకడానికి వాలుకు అడ్డంగా కందకాలు తవ్వుతున్న రోజుల్లో, నారాయణపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అబ్బాయి ఒకడు గడ్డపార పట్టిన తీరు చూసి మిగిలిన వాళ్లు పని ఆపేశారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకోవడం, పెళ్లగించిన మట్టిని కందకానికి దిగువ పక్కనే కట్టగా పోయడం, ఇవి అతనికి ఎవరూ చెప్పలేదు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. అతని ముఖం ఎర్రబడింది. నీళ్లు తాగడానికి కూర్చున్నప్పుడు, నవ్వుతూనే అన్నాడు: "మా అమ్మ ఉపాధి పనిల గిసొంటి కందకాలే తవ్వుతది మేడమ్. ఆమెకు కూలి ఇస్తరు, నాకు సర్టిఫికెట్ ఇస్తుండ్రు. గంతే తేడా."

నేను ఆ మాటకు ఏదో జవాబు చెప్పాను. ఏమి చెప్పానో గుర్తులేదంటే అది చెప్పుకోదగ్గ జవాబు కాదన్నమాట. శ్రమ చేస్తూ నేర్చుకోవడమనే ఆలోచన మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధాలో నయీ తాలీమ్ పేరుతో ముందుకు తెచ్చిన నాటి నుంచి పెద్దవాళ్ల నోట వినబడుతూనే ఉంది. కాని మన సమాజంలో శ్రమ ఎప్పుడూ అందరి మీదా ఒకే బరువుతో పడలేదు. గడ్డపార ఎన్నడూ ముట్టని బంజారాహిల్స్ కుర్రవాడికి అరచేతిలో పొక్కు ఒక అనుభవం, చెప్పుకోవడానికి ఒక ముచ్చట. మూడు తరాలుగా గడ్డపార వదిలించుకోవాలని చూస్తున్న ఇంటి పిల్లవాడికి అదే పొక్కు చదువులో కూడా వెంటబడి వచ్చిన పాత అప్పు.

మరో ఏడాది, ఒక అమ్మాయి వాళ్ల అమ్మ నాకు ఫోన్ చేసింది. "మా పిల్లను సదువుకోనీకి పంపినం మేడమ్, పార వట్టనీకి గాదు," అంది. గొంతులో మర్యాద ఉంది, వెనక్కి తగ్గే ధోరణి లేదు. ఎండ తగలకూడదనుకునే మధ్యతరగతి గారాబమని నాలో నేను విసుక్కున్నాను. రెండు రోజుల తరువాత ఆ అమ్మాయి స్నేహితురాలు చెప్పింది, ఆవిడ పదిహేనేళ్లుగా తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలని, కూతురి చేత ఇంట్లో కూడా చీపురు పట్టనివ్వదని. ఆ అమ్మాయి మిగిలిన గంటలను రక్తదాన శిబిరంలో పేర్లు నమోదు చేసి పూర్తిచేసుకుంది. ఆవిడ చెప్పిందే సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. దాని వల్ల నేను పైన చెప్పిన అభిప్రాయం ఎంతవరకు పలచబడుతుందో కూడా నాకు తెలుసు.

మేము చేయగలిగిన మార్పులు చిన్నవి. ఊడ్చే పనులు పూర్తిగా మానేశాం. ఆ పని చేయవలసిన వ్యవస్థలు ఉన్నాయి, వాటికి జీతాలు ఉన్నాయి. గడ్డపార, రిజిస్టరు, కొలత టేపు అందరి చేతుల్లోకీ వంతులవారీగా తిరుగుతాయి, నాతో సహా. మొదట్లో మాకు తెలియకుండానే రాసే పని ఇంగ్లీషు మీడియం పిల్లలకు, తవ్వే పని పల్లెటూరి పిల్లలకు పోయేది, అది గమనించిన రోజు నాకు సిగ్గనిపించింది. నారాయణపేట అబ్బాయి చివరికి మొక్కల కొలతల పట్టిక తయారుచేసి, దాని మీద సెమినారులో మాట్లాడాడు. దానితో అతను అన్న మాటకు జవాబు దొరికిందని మాత్రం అనను.

ఖాళీ జాగా

వాలు కింది భాగంలో రాళ్ల మధ్య గడ్డి తప్ప ఏమీ లేని ముప్పావు ఎకరం ఉంది. కొత్త బ్యాచి వచ్చిన ప్రతిసారీ మొదటి ప్రశ్న అదే: "అక్కడంత ఖాళీగ ఉంది గద మేడమ్, ఆడ పెడదమా?" రెండో ఏడాది పెట్టబోయాం కూడా. మొదటి గుంత గుర్తు పెట్టడానికి వంగిన పిల్లవాడి తల మీదుగా తీతువు పిట్ట ఒకటి అరుస్తూ దూసుకుపోయింది. ఆ అరుపు అపశకునమని ఇంట్లో విన్న పిల్లలు బెదిరారు. అది ఎందుకు అరుస్తోందో నాకు తెలుసు కాబట్టి ఎవరినీ కదలవద్దన్నాను. అడుగు దూరంలో, గులకరాళ్ల నడుమ, గులకరాళ్ల రంగులోనే నాలుగు గుడ్లు ఉన్నాయి. వాటి మొనలన్నీ లోపలి వైపుకు తిరిగి ఉన్నాయి. తీతువు గూడు కట్టదు, చెట్టు ఎక్కదు. దానికి కావలసింది మనం ఖాళీ అంటున్న ఆ బోసి నేలే.

మన వాడుకలో ఇటువంటి నేలకు బంజరు, బీడు, పోరంబోకు అని ఎన్నో పేర్లు ఉన్నాయి, అన్నీ ఏమీ లేదనే చెబుతాయి. గౌరవంగా పిలిచే పాత మాట ఒక్కటి ఉంది: కంచ. పశువులు మేయడానికి విడిచిపెట్టిన నేల అని దాని అర్థం. ఊళ్ల పేర్లలో, రెవెన్యూ కాగితాల్లో అది మిగిలింది గాని, నగరవాసి నాలుక మీద ముళ్లకంచెగా మారిపోయింది. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనేదాకా నగరమంతా అది అడవా కాదా అని వాదించుకుంది. చెట్లు ఎన్ని ఉన్నాయన్న దాని మీదే ఇరుపక్షాల వాదన నడవడం నాకు విచారం కలిగించింది. ఆ రాళ్లు, గడ్డి, కుంటలు, పొదలు చెట్లతో సమానంగా లెక్కకు రావాలంటే, అలాంటి నేల మీద ఏడాది పొడవునా తిరిగిన మనుషులు కావాలి. అక్కడి విద్యార్థులు అంత గట్టిగా నిలబడడానికి కారణం వాళ్లు ఆ నేల మీద ఏళ్ల తరబడి నడిచి ఉండడమేనని నా నమ్మకం.

మా కంచలో అలా తిరిగిన మనిషి ఒకాయన మాకు ముందు నుంచే ఉన్నాడు, మేము ఆయన్ని దొంగగా చూశాం. రోజూ ఇరవై మేకలు తోలుకుని వచ్చే పెద్దాయన. మొక్కలు తినేస్తున్నాయని మా పిల్లలు ఆయనతో రెండుసార్లు గొడవపడ్డారు. మూడోసారి ఆయనే కర్ర మీద గడ్డం ఆనించి, మేము నాటుతున్నవి చూసి, "తంగేడు మేకలు ముట్టవు బిడ్డా. దాని నడుమ పెట్టుండ్రి. ఈ పరికి కంప ఉన్నది గదా, దాని నీడకు పెట్టినా బతుకుతది," అన్నాడు. ముళ్లపొద కింద లేత మొక్కకు నీడా కాపలా రెండూ దొరుకుతాయన్న సంగతి జీవావరణ శాస్త్రంలో ఉన్నదే, నా నోట్సులో కూడా ఉంది. దాన్ని మా గుట్ట మీద ఏ పొద కింద, ఏ దిక్కున పెట్టాలో చెప్పగలిగింది మాత్రం ఆయనే. ఇంకో ముచ్చట. తంగేడు అనగానే యాభై మందీ తలలు ఊపారు, రాష్ట్ర పుష్పం కదా. పూలు లేని కాలంలో ఆ మొక్క ఎదురుగా నిలబెట్టి ఇదేమిటని అడిగితే చెప్పగలిగింది ఐదుగురే. చిన్నప్పటి నుంచి ఏటా బతుకమ్మ పేర్చిన పిల్లలు వాళ్లు. వాళ్లకు తంగేడు పూవు గుడిమల్కాపూర్ మార్కెట్లో సంచిలో దొరికేది.

240 గంటలు

1969 సెప్టెంబరు 24న మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. కొత్త పథకం ఏదీ అక్కరలేదు, ఆ 240లో సగమైనా ఒకే నేల మీద గడపనిస్తే చాలు. ఇప్పుడు ఆ గంటలు ర్యాలీలకు, దినోత్సవాలకు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూడడానికి పోతాయి. రెండేళ్లంటే రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు. ఒకసారి తప్పు చేయడానికి, దాన్ని దిద్దుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.

దీనికి అభ్యంతరాలు చాలా విన్నాను. మే నెలలో సెలవులు కదా అంటారు. నిజమే, మొదటి మే లెక్కకు యాభైలో పదకొండు మంది వచ్చారు. ఎండ సంగతి కూడా నిజమే, అందుకే ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు దిగిపోతాం. పాముల గురించి తల్లిదండ్రులు అడుగుతారు, బూట్లు లేనివాళ్లను ఎక్కనివ్వం. వీటికన్నా బరువైన అభ్యంతరం నా సహోద్యోగి ఒకావిడది. చచ్చినవాటిని లెక్కపెట్టించి పంతొమ్మిదేళ్ల పిల్లలను నిరాశలోకి నెట్టడం ఏమి చదువని ఆవిడ అడిగారు. ఒక అమ్మాయి నిజంగానే మానేసింది, "ఎంత జేసినా గింతే గదా" అని. వనజీవి రామయ్య గారి గురించి మా పిల్లలందరూ వ్యాసాలు రాసినవాళ్లే, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని, కోటి మొక్కలు నాటారని తెలిసినవాళ్లే. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు సంతాపసభలో కూడా కోటి అన్న అంకె ఒక్కటే మళ్లీ మళ్లీ వినిపించింది. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అన్న పలక వేసుకుని, సైకిలు మీద మొక్కలు పెట్టుకుని దశాబ్దాల పాటు అవే దారుల్లో తిరిగిన మనిషి ఆయన. తాను పెట్టినవాటిలో ఎన్నో ఎండిపోవడం కళ్లారా చూసే ఉంటారని నా ఊహ. ఆ పిల్లకు ఆ సంగతి చెప్పి ఉండవలసింది, నాకు సమయానికి తోచలేదు.

ఇక నేల మీద హక్కు సంగతి. మా రెండెకరాల్లో కొత్త భవనం వస్తుందని రెండేళ్లుగా వింటున్నాం, ఒకసారి కొలతలు వేసుకుని కూడా వెళ్లారు. పిల్లలు ఆ సున్నపు గీతలు చూశారు. గీతలకు అవతల వైపు కందకాలు తవ్వమని నేను చెప్పినప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు. లేకుండా పోతుందని తెలిసిన నేల మీద ప్రేమ పెంచుకోమని చెప్పడం ధర్మమేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. దానికి బదులుగా ఎవరి ప్రేమా అక్కరలేని చోటు చూపించమంటే ఈ నగరంలో నేను చూపించలేను.

ఈ మే లెక్కకు ఇరవై ఆరు మంది వచ్చారు. రిజిస్టరులో ఇప్పుడు నాటినవి, బతికినవి, పోయిన కారణం అని మూడు గడులు ఉంటాయి. కిందటి బ్యాచి వాళ్లు వాళ్లంతట వాళ్లే గీసుకున్న నాలుగో గడి "మనం పెట్టనివి". లాంటానా తీసిన పట్టీల్లో బలుసు, పరికి, మోదుగ వాటంతట అవే లేచాయి. ఆ గడిలోని అంకె బతికినవాటి అంకెను దాటిపోయేలా ఉందని తెలిసేసరికి పిల్లల్లో తగువు మొదలైంది. మోదుగ పిలకలు ఐదు ఒకే చోట గుంపుగా ఉన్నాయి. వేరు ఒకటే అయితే ఒకటని రాయాలని ఒక జట్టు, కళ్లకు ఐదు కనబడుతున్నప్పుడు ఐదే రాయాలని మరో జట్టు. ఎండ ఎక్కుతోంది, ఎవరూ తగ్గడం లేదు. తవ్వి చూస్తే తేలిపోతుంది కదా అని ఒకడు గడ్డపార అందుకున్నాడు. రాతి మీద కూర్చుని అంతా వింటున్న మేకల తాత చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడొద్దు బిడ్డా, వానలు పడనీ," అన్నాడు. గడిలో పెన్సిలుతో '1/5' అని రాసుకుని కిందికి దిగాం.